వదిన అంకెలు

ప్రోగ్రాములు రాయడంలో మరిది ఘనుడే. ఏ వస్తువు ఎక్కడ పెట్టాలన్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఉత్త మొద్దు. వదిన దుకాణంలోని ఎంబ్రాయిడరీ మిషనుకు ఆరేళ్ళ కిందట అతనే ప్రోగ్రాము రాసిచ్చాడు. ఏ బట్టకు దారం ఎంత బిగువుండాలో, సూది ఎంత వేగంగా నడవాలో ఆవిడ కుట్టి చూసి ఖాయం చేసుకున్న అంకెలన్నీ ఒక ఫైల్లో ఉండేవి. ఆ ఫైలును తీసుకెళ్ళి ప్రోగ్రాము ఫోల్డర్లోనే పెట్టాడు మహానుభావుడు.

ఈ ఉదయం కొత్త వెర్షన్ ఎక్కించాడు. అది పాత ఫోల్డరును ఊడ్చిపారేసి తన సామాను సర్దుకుంది. ఇరవై ఏడు రకాల బట్టల అంకెలు తుడిచిపెట్టుకుపోయాయి. ఇంకో కాపీ తీసి ఉంచాలన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు. సాయంత్రానికి హోటలువాళ్ళకు నలభై మఖమల్ దిండు గలీబులు ఇవ్వాలి. మాట తప్పితే వాళ్ళు మళ్ళీ ఈ గడప తొక్కరు.

మరిది జరిగింది నాన్చకుండా వదినకు చెప్పేశాడు.

వదిన మెడలో టేపు సర్దుకుంది. "నా సరుకు నీ బీరువాలో పెట్టుకుని, బీరువా మార్చేటప్పుడు పారేశావన్నమాట."

"అంతే వదినా. విండోస్‌లో ఒక్కొక్కరికీ యాప్‌డేటా అని విడిగా చోటుంటుంది. మ్యాక్‌లో లైబ్రరీ, లినక్స్‌లో డాట్ కాన్ఫిగ్. ఎవరి సెట్టింగులు వాళ్ళ చోట పెడితే, ప్రోగ్రాము మారినా అవి పోవు. తెలిసే బద్ధకించాను."

"తెలిసి చేసినవాణ్ణి ఏమనాలో తర్వాత చెప్తాలే. ముందు రాసుకో."

మఖమల్ ముక్కను బొటనవేలితో ఒకసారి నలిపి, "దారం మూడు, వేగం నాలుగొందల యాభై" అంది. ఆపైన నూలు, పట్టు, జార్జెట్. ముక్క చేతికి రావడమే ఆలస్యం, అంకె నోటికి వచ్చేస్తోంది. ఒక్క వలబట్ట దగ్గర ఆగింది. కుట్టి చూస్తే రెండుసార్లు దారం తెగింది. మూడోసారి కుట్టు చూసి, "పాతదానికన్నా ఇదే నయం" అంది తృప్తిగా.

ఈసారి మరిది ఆ అంకెలను ఆవిడ సొంత ఫోల్డర్లో దాచాడు. మధ్యాహ్నానికల్లా మిషను జోరందుకుంది, నాలుగింటికి గలీబులన్నీ మడతపడ్డాయి.

ఈ దుకాణం తన ప్రోగ్రాము మీదే నడుస్తోందని ఆరేళ్ళుగా మరిది లోలోపల మురిసిపోతూ వచ్చాడు. ఆ ముక్క ఏనాడూ పైకి అననందుకు ఇప్పుడు ఎంతో సంతోషించాడు.