జాల్యాకు వదిలిన మత్తు

జాల్యా రెండేళ్లుగా ప్రతి ఆదివారం భూపాలపల్లి మందిరానికి వస్తున్నాడు. వచ్చిన ప్రతిసారీ నిద్రపోతున్నాడు. పాటలప్పుడు నిలబడే తూగేవాడు. వాక్యం మొదలయ్యాక తల ఛాతీ మీదికి వాలిపోయేది. కళ్లు ఎర్రగా ఉండేవి. ఒకసారి గుమ్మం దగ్గర తూలి చెప్పుల మీద పడ్డాడు కూడా.

సంఘ పెద్ద కరుణాకర్‌కు అంతకంటే రుజువు అక్కర్లేదు. ఆయనది జనగామ దగ్గర భూములున్న కుటుంబం, ఉద్యోగం తహసీల్ ఆఫీసులో. మొహం చూసి మనిషి లోపలి సంగతి చెప్పగలనని ఆయన నమ్మకం. ఆ వరం ప్రభువే ఇచ్చాడని కూడా నమ్మేవాడు.

"తాగుతున్నడు," అన్నాడు భార్య సరళతో. "గార్ల దిక్కు తండ నుంచి వచ్చినోడు. తాగకుంట ఎట్లుంటడు?"

"వాసనేమన్న వచ్చిందా?"

"వాసన రాకుంట తాగుతున్నడంటే ఎంత ముదిరిందో సూడు."

సరళ ఇంకేమీ అడగలేదు. భర్తకు ఎదురు చెప్పని ఇల్లాలని సంఘంలో ఆమెకు మంచి పేరుంది.

నిజానికి జాల్యాది చెల్పూరు కరెంటు ప్లాంటులో రాత్రి డ్యూటీ. తెల్లవార్లూ బొగ్గు బెల్టు దగ్గర నిలబడి, పొద్దున ఆరింటికి దిగి, మొహం కడుక్కుని నేరుగా మందిరానికి వచ్చేవాడు. ఇంటికెళ్లి నడుం వాలిస్తే మళ్లీ లేవలేనని భయం. ఇదేమీ అతను దాచలేదు. ఎవరడిగినా చెప్పేవాడు. రెండేళ్లలో ఎవరూ అడగలేదు.

ఒక ఆదివారం పాస్టర్ సంజయ్, ఇతరులకు తీర్పు తీర్చకూడదని గంటసేపు బోధించాడు. ఎప్పటిలాగే జాల్యా నిద్రపోయాడు. కరుణాకర్ బయటికొచ్చి పాస్టర్ చేతులు పట్టుకున్నాడు.

"మస్తు చెప్పిన్రు పాస్టర్‌గారు! మనోళ్లలో చానమందికి తగలాల్సిన వాక్యం. గా జాల్యా ఒక్కడే వినలే. పాపం, మత్తుల ఉన్నడు."

మంగళవారం సాయంత్రం కరుణాకర్, సరళ, పాస్టర్ ముగ్గురూ జాల్యా ఇంటికి వెళ్లారు. అది ఒంటి గది రేకుల ఇల్లు. సంఘం నుంచి ఒక మనిషి ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. వస్తున్నామని పొద్దున కబురందగానే జాల్యా ఆ రోజు డ్యూటీ మానేశాడు. అతని భార్య బుజ్జి కోడి కూర వండి, పక్కింటి నుంచి రెండు కుర్చీలు తెచ్చి వేసింది.

"ఎందుకమ్మా ఇవన్నీ? మేం ఉపవాసంల ఉన్నం," అన్నాడు కరుణాకర్. ఆ మాట విని పాస్టర్ కూడా అప్పటికప్పుడు ఉపవాసంలోకి దిగాడు. సరళ నేల చూపులు చూసింది.

కరుణాకర్ జాల్యా తల మీద చెయ్యి పెట్టి, నాలుగిళ్లకు వినబడేలా ప్రార్థన చేశాడు. "ప్రభువా, ఈ తమ్మునికి మత్తు వదిలించు! ఈ మత్తు నుంచి విడుదల చెయ్యి!"

వాక్యం వేళ నిద్రపోతున్నందుకు జాల్యా లోలోపల ఎప్పటినుంచో కుమిలిపోతున్నాడు. తన నిద్ర మత్తు గురించి పెద్దాయన ఇంతలా వేడుకుంటున్నాడని కళ్లనీళ్లు పెట్టుకుని, "ఆమెన్! ఆమెన్!" అని గట్టిగా అన్నాడు. ఆ కన్నీళ్లు పశ్చాత్తాపానివని కరుణాకర్‌కు క్షణంలో తెలిసిపోయింది.

నెల తిరక్కముందే జాల్యాను పగటి డ్యూటీకి మార్చారు. ఆదివారం సెలవు కూడా దొరికింది. ఆ వారం అతను చివరిదాకా మెలకువగా కూర్చుని, గొంతెత్తి పాడాడు. కరుణాకర్ ఆగలేకపోయాడు. తొర్రూరుకు, మహబూబాబాద్‌కు, జనగామకు ఫోన్లు చేశాడు. అన్ని సంఘాల వాళ్లూ కలిసే ఉమ్మడి కూటం ఆ నెల భూపాలపల్లిలోనే. జీపుల్లో జనం దిగారు.

పాస్టర్ జాల్యాను ముందుకు పిలిచి మైకు చేతికిచ్చాడు. "తమ్ముడూ, సిగ్గు పడకు. ఎన్నేండ్ల నుంచి తాగినవో, ఎట్ల బంజేసినవో చెప్పు."

జాల్యా మైకు వైపు, జనం వైపు చూశాడు.

"నేను తాగుడేంది? ఎవరు చెప్పిన్రు?"

పాస్టర్ కరుణాకర్ వైపు చూశాడు.

"మా నాయిన తాగి తాగి సచ్చిపోయిండు. గందుకే నేను ముట్టలే. రాత్రి డ్యూటీ దిగి సక్కగ ఈడికే వస్తుంటి. మత్తంటే నిద్ర మత్తు అనుకుని ఆమెన్ అన్న." మైకు దించబోయి మళ్లీ ఎత్తాడు. "కరుణాకరన్న నా మీద పాణం ఉండి మా ఇంటికొచ్చిండనుకున్న. నేను గూడ తప్పుగనే అనుకున్న."

మైకు బల్ల మీద పెట్టి వెనక్కి నడిచాడు. బుజ్జి అప్పటికే లేచి నిలబడింది. ఇద్దరూ బయటికి వెళ్లిపోయారు.

కరుణాకర్ మైకు అందుకున్నాడు. "చూసిన్రా ప్రభువు కార్యం! తాగుడు అలవాటు గాకముందే విడుదల చేసిండు!"

"హల్లెలూయా!" అన్నారు జనగామ వాళ్లు. తొర్రూరు వాళ్లు చప్పట్లు కూడా కొట్టారు.

సరళ కొట్టలేదు. చెప్పులు వేసుకుని బయటికొచ్చి, రోడ్డు దాటి జాల్యా ఇంటిదాకా నడిచింది. బుజ్జి గడపలో కూర్చుని ఉంది, లేవలేదు, రమ్మనలేదు.

"ఆ రోజు మాకు ఉపవాసం లేకుండె చెల్లె," అంది సరళ నిలబడే. "ఇంటికి పోయి అన్నం తిన్నం."

"తెలుసక్కా. మందిరంల అందరికి ఎరుకే."

బుజ్జి గడప మీద కొంచెం పక్కకు జరిగింది.

"మరి ఇయ్యాల తింటవా? పప్పే ఉన్నది."

"తింట."

బుజ్జి పళ్లెంలో అన్నం పెట్టి, పప్పు పోసి, ఉల్లిగడ్డ కోసి పక్కన పెట్టింది. సరళ మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే, "నీకు గర్వమని అనుకుంటుంటి," అంది బుజ్జి. "రెండేండ్ల సంది నన్ను ఒక్క మాట పలకరియ్యకపోతివి."

బుజ్జి అనుకున్నది తప్పని చెప్పడానికి సరళ దగ్గర ఏ ఆధారమూ లేదు.

ఫోను మోగింది. కూటం అయిపోయింది, భోజనాలకు కూర్చుంటున్నాం, ఎక్కడున్నావని కరుణాకర్ అడిగాడు.

"తింటున్న," అంది సరళ. "మీరు తినుండ్రి."

ఫోను పెట్టేసి, జర మిరపకాయ తొక్కుంటే వెయ్యమంది.