వినని పిల్లలు చూసే వైపు

గాజులు తీసి సొరుగులో పెట్టి, గిలక్కాయను చీర చెంగులో దాచి, ఆ ఉదయం వినికిడి పరీక్షకు వచ్చిన ఏడో పసివాడి వెనక్కి చెప్పులు లేకుండా నడిచి వెళ్లింది గిలకమ్మ. వాడు తల్లి ఒడిలో ఉన్నాడు. ఎదురుగా ఆయా ఎర్ర బంతి ఆడిస్తూ వాడి చూపును కట్టేసింది. చెవికి మూరెడు దూరంలో గిలక్కాయ ఒక్కసారి కదిలింది. వాడు గిరుక్కున తిరిగి, దాన్ని లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు. ఫారంలో 'తిరిగాడు' అని రాసి, గిలక్కాయ కడగడానికి వెళ్లింది.

పిల్లల ఆస్పత్రిలో ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమె చేసిందంతా పసివాళ్ల వెనక చప్పుడు చేయడమే. అసలు పేరు హాజరు పట్టీలో మాత్రమే మిగిలింది. ఆ పేరుతో పిలిస్తే ఆమె తిరగదని, ముందు ఆమెకే పరీక్ష చేయాలని ఆయా అందరికీ చెప్పి నవ్వించేది. పొట్టి మనిషి. కుడి మణికట్టు ఎముక ఉబ్బి, రేగిపండు అతికించినట్టుండేది. నీడ పడకుండా గోడవారగా నడిచీ నడిచీ ఇంట్లోనూ అలాగే నడిచేది. మొగుడు బతికున్న రోజుల్లో రెండుసార్లు పిల్లి అనుకుని అదిలించాడు కూడా.

నీడ సంగతి ఆమెకు ఊరికే తెలియలేదు. కూతురు కడుపులో ఉండగా రెండో నెలలో కాస్త జ్వరం వచ్చి ఒళ్లంతా ఎర్రగా పేలింది. మూడు రోజులకు తగ్గింది, నాలుగో రోజు డ్యూటీకి వచ్చేసింది. అంత చిన్న జ్వరం తెచ్చిన వైరస్ కడుపులో బిడ్డ చెవులనూ మెదడునూ వెతుక్కుంటూ పోతుందని అప్పుడు ఆమెకు తోచలేదు. ఏడో నెల పిల్లకు తానే పరీక్ష చేసుకుంది. పిల్ల తిరిగింది. 'తిరిగింది' అని తానే రాసుకుంది. వెనక ట్యూబులైటు ఉందని, గోడమీద తన చేతి నీడ ఆడిందని, పిల్ల చూసింది దాన్నేనని మూడేళ్లకు తేలింది. అప్పటికి మాటలు పట్టుబడే వయసు చాలావరకు జారిపోయింది. చిట్టికి అమ్మా అనడం కూడా రాలేదు.

ఒక్కదాన్ని ఇంట్లో వదల్లేక రోజూ వెంట తెచ్చి ఈ గదిలోనే కిటికీ పక్క బెంచీ మీద కూర్చోబెట్టేది. చిట్టి సాయంత్రం దాకా కాళ్లు ఊపుతూ కూర్చునేది. ఇరవై రెండో ఏట నిద్రలోనే పోయింది. రెండేళ్లయింది. ఆ బెంచీ మీద ఎవరూ కూర్చోరు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు.

ఆ తర్వాతే గిలకమ్మ ఒకటి గమనించింది. వినే పిల్లలు గిలక్కాయవైపు తిరుగుతారు. వినని పిల్లలు, గిలక్కాయ కదలక ముందే, బెంచీవైపు తిరుగుతారు. తర్వాత వాళ్ల చెవులు పరీక్షించిన మెషీను ఒక్కసారీ కాదనలేదు. ఫారంలో దానికి గడి లేదు గనక ఎవరికీ చెప్పలేదు.

పదకొండో నంబరు ఎనిమిది నెలల ఆడపిల్ల. తల్లికి మూడో నెలలో జ్వరం, దద్దుర్లు. మెషీను ఉన్నది ఊరవతల పెద్దాసుపత్రిలో. ఇక్కడ అనుమానం రాస్తేనే అక్కడ చూస్తారు. గిలకమ్మ వెనక నిలబడిందో లేదో, పాప కుడివైపు, బెంచీకేసి తిరిగి నవ్వింది.

"తిరిగింది కదమ్మా, రాసెయ్యి," అంది వెంట వచ్చిన అత్తగారు. "మా కోడలికి నిద్రలేక కళ్లు గుంటలు పడ్డాయి."

గిలకమ్మ ఎడమవైపు వెళ్లి ఊపింది. పాప కుడివైపే చూస్తోంది. బెంచీ కింద ఏదో ఊగుతున్నట్టు దాని కళ్లు ముందుకీ వెనక్కీ ఆడుతున్నాయి.

"ఎవర్ని చూసి నవ్వుతోంది?" అంది తల్లి, మెల్లగా.

గిలకమ్మ ఫారాన్ని ముందుకు లాక్కుంది. కలం గడిమీద ఆగింది. 'తిరిగింది' అని రాస్తే అబద్ధమూ కాదు, ముగ్గురూ నవ్వుకుంటూ ఇంటికి పోతారు. 'వినలేదు' అని రాసింది.

"తిరగడం వేరమ్మా, వినడం వేరు," అంది. "మా పిల్లకి తిరిగిందని రాసుకుని మూడేళ్లు పోగొట్టుకున్నాను. నువ్వు ఈ వారమే మెషీను దగ్గరికి తీసుకెళ్లు. ఇప్పుడైతే దీనికి మాటొచ్చే దారుంది."

ఇంత వయసొచ్చినవాళ్లని ఇంకా ఎందుకు ఉంచుకుంటారో అని గొణుక్కుంటూ, తనకంటే చిన్నదాన్నే అంటున్నానన్న సంగతి మరిచి, అత్తగారు బయటికి నడిచింది. తల్లి ఆ ఫారాన్ని రెండు చేతులతో అందుకుంది. వారం తిరక్కుండా మెషీను కూడా గిలకమ్మ మాటే చెప్పింది, కాకపోతే అప్పటికి ఆమెకు చెప్పే వీల్లేదు.

నాలుగింటికి ఆయా టీ తెచ్చేసరికి గిలకమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది, తలుపు వైపు చివర, పక్కన ఒకరికి చోటు వదిలి. ఆ రెండేళ్లలో అదే మొదలు. ఆయా గ్లాసును ఆమె మోకాలి పక్కన పెట్టింది.

"టీ, అక్కా."

గిలకమ్మ విన్నట్టు లేదు. కాసేపటికి తల తిప్పింది, ఆయా వైపు కాదు, కిటికీ వైపు. పసివాళ్లు తిరిగినట్టే ముందు కళ్లు, తర్వాత గడ్డం, ఆ తర్వాత నవ్వు. ఆయాకు ఏ చప్పుడూ వినపడలేదు. ఆ తల మళ్లీ ఇటు తిరగలేదు.

డాక్టరమ్మ వచ్చి నాడి చూసి, కళ్లు మూసింది. స్ట్రెచరు వచ్చింది, వెళ్లింది. రెండు గంటల తర్వాత ఆయా గదికి తాళం వేయడానికి వచ్చింది. గ్లాసు తాను పెట్టిన చోట లేదు. బెంచీకి ఆ చివర, కిటికీ వైపు ఉంది, సగం ఖాళీగా, ఇంకా వెచ్చగా.