దుప్పట్లు చదివే పిన్ని

ఆస్పత్రి లాండ్రీని బయటివాళ్లకు అప్పగిస్తున్నామని, నెలాఖరుకల్లా అందరూ వేరే పని చూసుకోవాలని చెప్పిన రోజున కూడా పిన్ని ఎప్పటిలాగే ఆరు యంత్రాలూ తుడిచాకే ఇంటికొచ్చింది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగం. ఏడవలేదు గానీ, చెప్పులైనా విప్పకుండా మంచంమీద కూలబడి, "ఇక నన్నెవరు పిలుస్తారే?" అంది.

ఆ మాట అన్నది అక్క కూతురితో. ఆ అమ్మాయి ఉద్యోగమే రాయడం. రకరకాల వృత్తులవాళ్లు ఒకరితో ఒకరు పరిచయాలు పెంచుకునే సైటులో, కంపెనీ పెద్దల తరఫున పోస్టులు రాసిపెడుతుంది. "నేనున్నాగా పిన్నీ" అని అప్పటికప్పుడే పిన్ని పేరున ఖాతా తెరిచి ఓ పోస్టు పెట్టింది. అంకితభావం, నాణ్యత, నిరంతర అభ్యాసం, ఒక్కటీ వదల్లేదు.

పిన్ని కళ్లద్దాలు తగిలించుకుని రెండుసార్లు చదివింది.

"ఎవరే ఈవిడ? చాలా గొప్పావిడలా ఉందే!"

వారం తిరిగేసరికి మూడు లైకులొచ్చాయి. వాటిలో ఒకటి అక్క కూతురిదే.

ఫొటో పెడితే నయమేమోనని ఆ అమ్మాయి లాండ్రీకి వెళ్లింది. నేలమాళిగలో పొడవాటి గది. ఆవిరి, సబ్బు వాసన, చెవులు చిల్లులు పడే రొద. పిన్ని మోచేతుల దాకా తొడుగులు వేసుకుంది. బండిలోంచి దుప్పటి తీయడం, ఒక్కసారి విప్పి చూడటం, మూడు బుట్టల్లో ఏదో ఒకదాంట్లో వేయడం, అంతా రెప్పపాటులో జరిగిపోతోంది. ఒకదాని దగ్గర మాత్రం ఆగింది. అంచు వెలుతురుకి ఎత్తి చూసి, చివరి బుట్టలో వేసింది.

"అదేంటి, దాన్ని వేరేగా వేశావ్?"

"నెత్తురు మరక. వేడినీళ్లలో పడితే ఇక జన్మలో వదలదు. ముందు చన్నీళ్లు చూపించాలి."

"నాకు మరకే కనపడలేదు! ఇంకా ఏమేం తెలుస్తాయి నీకు?"

పిన్ని చేతులు ఆడిస్తూనే, ఊసుపోక కబుర్లలా చెప్పుకుపోయింది. మూడేళ్ల కిందటి మాట. ఒక వార్డు దుప్పట్లు, రోగి చెయ్యి ఆనే చోట అరచేయంత మేర గంజి పెట్టినట్టు బిరుసుగా వచ్చాయి. ఒకరోజు నాలుగు, మర్నాడు ఏడు.

"గ్లూకోజు ఎండితే అలాగే ఉంటుందే. దుప్పట్లోకే ఇంత పోతుంటే ఒంట్లోకి ఏం పోతున్నట్టు? ఉండబట్టలేక మెట్లెక్కి వెళ్లి నర్సమ్మకి చెప్పాను. మందు ఎక్కించడానికి కొత్తగా తెప్పించిన గొట్టాలంట, అతుకు దగ్గర కారుతున్నాయంట. అన్నీ మార్చేశారు."

"ఈ సంగతి ఎవరికైనా చెప్పావా?"

"ఇప్పుడు చెబుతున్నాగా."

అక్క కూతురు ఎనిమిదేళ్లుగా గొప్పవాళ్ల గురించి రాస్తోంది. ఇంత పని చేసిన మనిషి ఇంట్లోనే ఉందని తెలియనేలేదు. అక్కడే సబ్బు డబ్బామీద కూర్చుని పాత పోస్టు చెరిపేసింది. పిన్ని మాటలే పదకొండు వరుసల్లో రాసింది. చివర, "నెలాఖరుతో ఇక్కడ నా పని అయిపోతుంది. నా చేతులతో అవసరమున్నవాళ్లు పిలవండి" అని చేర్చింది.

పిన్ని చదివి, "ఆఁ, ఇది నేనే" అంది.

మర్నాటికి వేలమంది చదివారు. జవాబుల్లో ఒకటి, ఆస్పత్రి పేరు చూసి ఎవరో రాసినది. "ఆ వార్డులో అప్పుడు మా నాన్న ఉన్నారమ్మా. మందు ఎందుకు పనిచేయడం లేదో ఎవరికీ అంతుపట్టలేదు. గొట్టం మార్చిన రెండోరోజు లేచి కూర్చున్నారు. కనిపెట్టింది ఎవరో మాకు ఈరోజే తెలిసింది."

పిన్ని ఆ జవాబు మళ్లీ మొదటినుంచి చదివింది. "ఇప్పుడెలా ఉన్నారో అడగవే" అంది చివరికి.

"రోజూ మనవరాల్ని బడిలో దింపుతున్నారు" అని జవాబొచ్చింది. పిన్ని కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది, కళ్లు కూడా.

పై వారం మరో ఆస్పత్రి డాక్టరమ్మ ఫోన్ చేసింది. లాండ్రీ చూసుకోవాలి, నర్సులకి, కొత్త డాక్టర్లకి దుప్పట్లు చదవడం నేర్పాలి. ఉద్యోగం ఖాయం.

మొదటి తరగతికి నలభై మంది వచ్చారు. పిన్ని మొదట మాటలకోసం తడుముకుంది. దుప్పటి చేతికి రాగానే సర్దుకుంది.

"కళ్లు మూసుకోండి బాబూ. బిరుసుగా తగిలే చోటు వేళ్లతో వెతకండి. తొందరపడకండి."

తలా ఒక దుప్పటి పట్టుకుని నలభై మందీ కళ్లు మూసుకున్నారు. గదిలో గుడ్డ చప్పుడు తప్ప మరేమీ లేదు. తల నెరిసిన డాక్టరు కూడా వేళ్లతో తడుముతూ తడుముతూ ఒకచోట ఆగి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

తర్వాతి పోస్టు కోసం వీడియో తీద్దామని వచ్చిన అక్క కూతురు, వెనక వరుసలో నోరు తెరుచుకుని చూస్తూ, ఫోను బయటికి తీయడమే మరిచిపోయింది.