క్రమశిక్షణ అనే అధ్యాయం

జనరల్ ఫాన్ రాడెనిట్జ్ తన జీవితచరిత్రలో నన్ను మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నా భార్యను నాకు కాకుండా చేసింది. ఇందులో వాదనకేమీ లేదు.

పుస్తకం నాలుగు వందల పేజీలు. పదకొండో ఏట సైనిక పాఠశాలలో చేరడం, డేన్లతో యుద్ధం, ఆస్ట్రియాతో యుద్ధం, ఫ్రాన్సులో గుర్రం కింద పడి కాలు విరగడం, ఇనుప శిలువ పతకం, చివరికి ఇక చాలు దిగిపొమ్మంటూ వచ్చిన నీలం కవరు. అన్నీ ఉన్నాయి. ఆయన చొక్కాలు పాతికేళ్ళు ఉతికిన మనిషి పేరు లేదు. ఒక్కచోట 'దాది' అని ఉంది.

ఆమె పేరు ఉర్తె. మా ఊరి బడిపంతులు కూతురు. నేను ఆయన దగ్గరే నాలుగు చలికాలాలు చదువుకున్నాను. సైన్యంలో మూడేళ్ళు రాడెనిట్జ్‌కు నౌకరుగా చేసి, గడువు తీరాక కూడా అక్కడే ఉండిపోయాను. అప్పటికాయన మేజరు. అమ్మగారికి కొడుకు పుట్టాడు. పాలు పడలేదు. మా ఇల్జెకు అప్పుడు రెండు నెలలు.

"నీ పెళ్ళాన్ని తీసుకురా, క్రిస్టప్" అన్నాడు మేజరు.

తీసుకొచ్చాను. ఇల్జెను ఊళ్ళో మా అక్క దగ్గర ఆవుపాల మీద వదిలాం. ఉర్తెను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

డిసెంబరులో అక్క ఉత్తరం రాయించింది. బిడ్డ విరేచనాలతో పోయింది. మేజరుకు చూపించాను.

"ఏడిస్తే పాలు చెడతాయి. నా కొడుకు పాలు మానేదాకా నీ భార్యకు తెలియకూడదు. ఇది ఆజ్ఞ."

మడమలు కలిపి "చిత్తం, మేజరు గారూ" అన్నాను. అక్కకు కూడా అదే మాట చేరవేశాను.

ప్రతి ఆదివారం ఉర్తె అడిగేది.

"ఏమయ్యా, అక్క దగ్గర్నుంచి కబురొచ్చిందా? దానికి పన్నొచ్చిందా?"

"వచ్చింది. కింద."

"ఒకటేనా?"

"రెండు."

"అయితే మీ అక్కను కొరుకుతూ ఉంటుంది. కొరకనీ, బాగా అయింది!" అని నవ్వేది. ఒళ్ళో మేజరు కొడుకు ఎగ్బర్ట్ పాలు తాగుతుండేవాడు. ఊలు మేజోళ్ళు అల్లి, ఊరికి పంపమని నా చేతికిచ్చింది. పొయ్యిలో వేశాను.

మే నెలలో పిల్లవాడు పాలు మానాడు. అప్పుడు చెప్పాను, పోయిన వారమే పోయిందని. ఊరికి వెళ్ళాం. గుంట మీద గడ్డి మొలిచి ఉంది. "ఈ నేల త్వరగా పచ్చబడుతుంది" అన్నాను. ఉర్తె తలూపింది.

ఇరవై నాలుగేళ్ళ తర్వాత జనరల్ పుస్తకం మొదలుపెట్టాడు. ఆయన రాత కోడి గీకినట్టు ఉంటుంది. ఉర్తెది తండ్రి నేర్పిన దస్తూరి. "మధ్యాహ్నాలు నీకు ఖాళీయే కదా, ఉర్తె" అన్నారు అమ్మగారు. అంట్లు తోమిన చేతులు తుడుచుకుని సాపు ప్రతి రాసేది. దానికి జీతం లేదు. 'క్రమశిక్షణ' అనే అధ్యాయంలో ఆమె ఇది రాయవలసి వచ్చింది: 'నా నౌకరు తన బిడ్డ చావును, దాదిగా ఉన్న భార్యకు అయిదు నెలలు చెప్పలేదు. ప్రష్యన్ విధేయత అంటే అది.'

నేను బూట్లు తుడుస్తున్న చోటికి వచ్చి నిలబడింది. ఏడవలేదు. గొంతు కూడా పెంచలేదు. ఆ చలికాలమంతా రొమ్ములు పొంగినప్పుడల్లా, ఊళ్ళో ఇల్జె ఆకలికి ఏడుస్తోంది కాబోలు, అందుకే నాకిలా అవుతోంది అనుకునేదట. ఆ ఏడుపుకి తాళలేక, ఒళ్ళో ఉన్న ఈ పిల్లవాణ్ణే ఇల్జె అనుకుని తాగించేదట. ఒకనాడు వాడు కొరికితే, అక్కడ అది కూడా కొరుకుతోందని సంతోషపడిందట. గుంట మీద గడ్డి చూసినప్పుడు అనుమానం వచ్చిందట, కానీ మొగుడు బిడ్డ చావు దగ్గర అబద్ధమాడతాడా అని తనను తానే తిట్టుకుందట. ఇంత చెప్పి, "ఏ రోజు?" అంది.

"డిసెంబరు పద్నాలుగు."

"ఆ పళ్ళు?"

నేను వంగి మళ్ళీ బూటు తుడవడం మొదలుపెట్టాను.

ఆ రోజే సాపు ప్రతిలో ఆ వాక్యం కింద ఒక పంక్తి తనే చేర్చింది: 'ఆ బిడ్డ పేరు ఇల్జె కాల్‌వైట్. ఏడు నెలలది. డిసెంబరు పద్నాలుగున పోయింది.' జనరల్ ఎర్ర పెన్సిలుతో కొట్టేశాడు.

"ఇది సైన్యం పుస్తకం, ఉర్తె. ఉయ్యాల లెక్కలు ఇందులో ఎందుకు?"

"ఆ ఉయ్యాల మీదే కదండీ మీరు ఆజ్ఞ వేసింది."

"వెళ్ళి పని చూసుకో."

ఆమె కలం బల్ల మీద పెట్టేసి వచ్చింది. మళ్ళీ ఒక్క అక్షరం రాయలేదు. మిగతా అధ్యాయాలకు డబ్బిచ్చి గుమాస్తాను పెట్టుకున్నారు.

సాయంత్రం నేను సూపు అడిగాను. "చిత్తం" అంది, నిటారుగా నిలబడి. ఎగతాళి అనుకున్నాను. కాదు. తలుపు మూయమంటే చిత్తం. ఒళ్ళు ఎలా ఉందంటే, బాగుంది చిత్తం. "ఉర్తె, నన్ను తిట్టు" అన్నాను ఒకసారి. "ఏ మాటతో తిట్టమని ఆజ్ఞ?" అంది. పదకొండేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం. ఆ పదకొండేళ్ళలో 'ఏమయ్యా' అనలేదు. పోయిన శిశిరంలో జ్వరంతో పోయేటప్పుడు నీళ్ళు కావాలా అని అడిగాను. అప్పుడూ చిత్తమే.

ఖననానికి ఎగ్బర్ట్ వచ్చాడు. ఇప్పుడు అతనే మేజరు. తండ్రి పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తున్నారట. "నన్ను పెంచిన మనిషి. నాలుగు మంచి మాటలు చెప్పు, క్రిస్టప్, చేరుస్తాను."

"చెప్పను."

"అడుగుతున్నది నేను."

"ఆజ్ఞ వేసినా చెప్పను, బాబూ."

ఒక్కసారి కాగితం మీద పెట్టాను. ఇక దీని గురించి ఎవరితోనూ నోరు విప్పను.