పులికాట్ చూసిన నవారు

నేను ఒక నవారు చుట్టను. నాలుగు వేళ్ల వెడల్పు, అంచున నీలి గీత, ఒళ్లంతా నూలు. నా పొడవెంతో ఎవరూ ఓపిగ్గా కొలవలేదు. నేత పాకలో ఎవరో "దీని మీద మనుషులు పడుకుంటారు" అంటే నేను నమ్మలేదు. తలపాగాకు కూడా చాలని గుడ్డ మీద నిండు మనిషా! తర్వాత నన్ను మంచానికి నిలువుగా లాగి, అడ్డంగా ఒక వరస పైనా ఒక వరస కిందా అల్లి బిగించారు. కావలిలో రూతమ్మ అనే ఆవిడ నా మీద నడుం వాల్చి "అమ్మయ్య" అంది. ఆ మాట విన్నప్పుడు కలిగిన ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తీరలేదు.

రూతమ్మ పోయాక ఆమె కూతురు సలోమి ఇంటికి చేరాను. ఆలోగా స్పాంజి పరుపులు వచ్చాయి. నా మంచం పట్టెలకు చెద పట్టింది. నన్ను విప్పి, చుట్టి, అటక మీద పాత బిందె పక్కన పడేశారు. మెత్తదనం మీద మనుషులకున్న మోజు ఇంతా అంతా కాదు. నడుం పట్టేస్తే గాని అది దిగదు.

సలోమి ఆసుపత్రిలో ఆయాగా చేసింది. రోగులను ఎత్తీ దించీ ఆమె నడుం పాడైంది. భర్త కరుణాకర్ బస్సు డ్రైవరు. ఎన్నో ఊళ్లు తిరిగాడు గాని, టైముకు చేరాలన్న తొందరలో ఏ ఊరినీ కళ్లారా చూడలేదు. ఉద్యోగాలు అయిపోయాక ఆయన ఒక చిన్న ట్రైలర్ కొన్నాడు. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే రేకుల గది అది. లోపల ఒక పొయ్యి, ఒక అలమర, ఒక మంచం. సలోమి కోరిక ఒక్కటే, పులికాట్ సరస్సులో దిగే రాజహంసలను చూడటం. వార్డు గోడకున్న క్యాలెండర్‌లో వాటి బొమ్మ చూస్తూనే ఆమె అన్నేళ్లూ పని చేసింది.

మొదటి ప్రయాణం నాయుడుపేట దగ్గరే ఆగిపోయింది. ఆ గొడవంతా అటక మీద నుంచి విన్నాను. ట్రైలర్‌లో మంచమంటే చెక్క మీద స్పాంజి. గాలి ఆడక అడుగున చెమ్మ చేరి, తెల్లారేసరికి స్పాంజి తడిసిపోయిందట. సలోమి నడుం కొయ్యబారిందట. పక్షులు అంత దగ్గర్లో ఉండగా వెనక్కి తిరిగారు. కరుణాకర్ ఊరుకోక ఇంకా మందం స్పాంజి తెచ్చాడు. అది వేస్తే మంచం ఎత్తు పెరిగి, లేచినప్పుడల్లా పైకప్పు తగిలి నెత్తి బొప్పి కట్టింది.

"అమ్మేద్దాం సలోమీ. మనకెందుకొచ్చిన తిరుగుడు?" అన్నాడు.

"అమ్ముకో. ముందు నాకా పిట్టల్ని చూపించి అమ్ముకో. వచ్చే ఏటికి నేనీపాటి గూడా లేస్తానో లేదో," అంది సలోమి. కాసేపటికి అటక వైపు చూసింది. "మా అమ్మ మంచం నవారు యాడుందయ్యా?"

చెక్క ఊడదీశారు. మిగిలిన చట్రానికి కరుణాకర్ నన్ను అల్లాడు. స్టీరింగు తిప్పిన చేతులు కదా, ఆయన లాగిన లాగుడుకు పట్టెలు రెండూ లోపలికి వంగాయి. అవి ఇంకా వంగకుండా, నడుముకు తగలనట్టు కిందికి వంచిన ఇనప కమ్మీ ఒకటి మధ్యలో అడ్డం పెట్టాడు. ఇక పడుకుని చూశారు. ఇద్దరూ దొర్లుకుంటూ నడిమికి వచ్చారు.

"కుక్కిమంచం చేశావు గదయ్యా! ఈ వయసులో ఇదేం సరసం?" అని సలోమి పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఊపు నా పోగుపోగుకూ అందింది.

మధ్యలో నిలువునా ఇంకో పట్టె వేశారు. ఆమె వైపు బిగుతుగా, ఆయన వైపు కాస్త వదులుగా ఉండాలని అనుకున్నారు. కరుణాకర్ కత్తెర అందుకున్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"కత్తెర పెట్టబాకయ్యా. అమ్మ పడుకున్నది అది. పట్టె కింద నుంచి అవతలికి తిప్పు," అంది సలోమి.

అలా ఒక్క చుట్టగానే మిగిలి, ఇద్దరికి రెండు పక్కలనయ్యాను. పైన పాత చీరల బొంత పరిచారు.

ఈసారి నాయుడుపేట దాటాం. సరస్సు ఒడ్డున బండి ఆపారు. సలోమి లేవడమంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. పక్కకు ఒత్తిగిలి, గోడ పట్టుకుని, "యేసయ్యా" అని కూర్చుని, అప్పుడు గాని లేవదు. ఆ తెల్లవారుజామున మాత్రం ఆమె బరువు ఒక్కసారిగా నా మీద నుంచి తొలగింది. పడిపోయిందేమోనని హడలిపోయాను.

పడలేదు. తలుపు తీసి, ఏ ఆసరా లేకుండా నిలబడి ఉంది. ఆమె పక్క నుంచి నాకూ కనిపించింది. నీళ్లు, నీళ్ల నిండా గులాబి రంగు, ఆ రంగంతా ప్రాణమున్న పక్షులు! పైకప్పులు తప్ప మరేమీ చూడని బతుకు నాది. లోకం ఇంత ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

"లెయ్యయ్యా! ఒంటికాలి మీద, నీళ్లల్లో నిద్దరపోతన్నాయి. మనకేమో ఇంత హంగామా జేస్తేగాని కన్ను మూతపడలా!"

కరుణాకర్ లేచాడు. ఆయన ముందు పక్షుల వైపు చూడలేదు. నిటారుగా నిలబడ్డ భార్యను చూశాడు. ఇద్దరూ చెప్పులు కూడా లేకుండా నీటి వైపు నడిచారు.

బొంత మీద ఆమె ఒంటి వెచ్చదనం ఇంకా ఉంది. ఎండెక్కే దాకా ఎవరూ నా దగ్గరికి తిరిగి రాలేదు. మంచం కోసమే పుట్టి, ఖాళీగా ఉన్నందుకు పొంగిపోయింది నేనొక్కదాన్నేనేమో.