మంద పెట్టిన చేను

దోటి కొక్కేన్ని పైకొమ్మకు తగిలించి కొండమ్మ గట్టిగా గుంజింది. పండి పసుపుబారిన కాయలు జలజలా రాలాయి. మేకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ కొమ్మ కిందికి చేరి పటపటా కొరకసాగాయి. సర్కారు తుమ్మ అన్నా, చిల్లచెట్టు అన్నా ఇదే. దీని ఆకును మేక వాసన చూసి వదిలేస్తుంది. కాయను మాత్రం బెల్లంలా తింటుంది.

కొండమ్మ దోటి దించి, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి మెడ తుడుచుకుంది. పొడుగాటి మనిషి. అరవై దాటినా నడుం వంగలేదు. చీర మీద తొడుక్కున్న మగవాళ్ల చొక్కా మోచేతుల దగ్గర చిరిగితే నల్లదారంతో కుట్టుకుంది. అది చనిపోయిన భర్త జక్రయ్యది. ఊహ తెలిసినప్పటి నుంచి మిరపకాయలు కోసిన చేతులు. వేళ్ల కొనలు రంగు వెలిసి నున్నగా ఉంటాయి. ఎడమ కనుబొమ పక్కన ముల్లు గీరిన మచ్చ. మేకల్ని అదిలించడానికి తప్ప ఆమె గొంతు పెంచడం పల్లెలో ఎవరూ విని చాలా కాలమైంది.

కంప లోపలి నుంచి గొడ్డలి చప్పుడు వచ్చింది. టక్. కాసేపాగి మళ్లీ టక్.

ఆ చప్పుడు కోసమే ఆమె రోజూ ఇటు వస్తుంది. చెరువు వైపు పోతే మేకలకు ఇంతకంటే మంచి మేత ఉంది. అయినా దర్శి రోడ్డు దాటి, ఎండిపోయిన వాగు గట్టు వెంట ఇంత దూరం తోలుకొచ్చి, వేపచెట్టు నీడలో కూర్చుని వింటుంది. గొడ్డలి పట్టింది పేరయ్య. చేను అతనిదే. ఒకప్పుడు ఆ చేలో మిరప పండితే రోడ్డు మీద పోయే బస్సులోంచి కూడా ఎర్రగా కనిపించేది. ఇప్పుడు చిల్లకంప కమ్మేసి మనిషి దూరడానికి సందు లేదు.

"ఏమే కొండమ్మా, వచ్చావా?" లోపల్నుంచి గొంతు వినిపించింది.

"వచ్చానయ్యా."

"మొన్న కొట్టిన మొద్దు చూడవే, అప్పుడే చిగురు పెట్టింది. ఇదేం పుట్టుకే తల్లీ దీనిది!"

"దాని పుట్టుకంతేనయ్యా" అంది కొండమ్మ. మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. లోపల మాత్రం ఎండన పడి వచ్చి చల్లని నీళ్లు గుక్క తిప్పుకోకుండా తాగినంత హాయిగా ఉంది.

ఆ చేనికి వాగు వైపు మూల ఒకప్పుడు పల్లె వాళ్ల సమాధుల దొడ్డి ఉండేది. పట్టా లేదు, కంచె లేదు. తాతల నాటి నుంచి పోయినవాళ్లను అక్కడే పెట్టారు. కొండమ్మ కూతురు జాస్మిన్‌ను కూడా అక్కడే పెట్టారు. మూడో తరగతి చదివే పిల్ల. జ్వరం ముదిరితే ఒంగోలు ఆసుపత్రికి తీసుకుపోతుండగా ఆటోలోనే, తల్లి ఒళ్లో, నీళ్లు నీళ్లు అంటూ పోయింది. జక్రయ్య తనే సిమెంటు కలిపి చిన్న సిలువ పోశాడు. తడి ఆరకముందే పుల్లతో దాని మీద పేరు రాశాడు. ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియక 'జాసిమిను' అని రాశాడు.

పేరయ్య పక్క పొలం కొన్న దగ్గర్నుంచి గట్టు ఏటా కొంచెం కొంచెం దొడ్డిలోకి జరిగింది. ఒక తొలకరికి ట్రాక్టరే దిగింది. ఆ రోజు కొండమ్మ వేరేవాళ్ల చేలో పత్తిగింజలు పెడుతోంది. ఎవరో చెబితే పరుగెత్తుకొచ్చింది. అప్పటికే నేలంతా చాళ్లు చాళ్లుగా తిరగబడి ఉంది. సిలువలన్నీ గట్టు పక్కన కుప్పగా పడి ఉన్నాయి. వాటిలో ఏది ఎక్కడిదో చెప్పగలిగేవాళ్లు లేరు. జాస్మిన్‌ది రెండు ముక్కలైంది. కొండమ్మ ట్రాక్టరు ముందు పడుకుంది. డ్రైవరు బాజీ ఇంజను ఆపేసి, దిగి, తల వంచుకుని వెళ్లిపోయాడు. పేరయ్య వచ్చి, "మీదైతే పట్టా చూపించండి" అన్నాడు.

మర్నాడు పెద్దమనుషులు కూర్చున్నారు. సమాధులకు పల్లెకు చెరువు అవతల రాతినేల ఇస్తామన్నారు. చర్చికి కొత్త రేకులు వేయిస్తానని పేరయ్య చెప్పాడు. మర్నాటి నుంచి ఎవరి చేలోకి కూలికి పోవాలో పల్లెలో అందరికీ తెలుసు. సరేనన్నారు. జక్రయ్య కూడా తలూపాడు. ఆ తర్వాత అతను బతికినన్నాళ్లూ కొండమ్మ అతనికి అన్నం పెట్టింది, జబ్బు చేస్తే కాళ్లు పట్టింది. కళ్లలోకి చూసి మాత్రం మాట్లాడలేదు. చర్చికి పోయేది. ప్రార్థనలో క్షమించే మాట వచ్చేసరికి ఆమె పెదవులు ఆగిపోయేవి. కొత్త రేకుల మీద వాన పడితే ఆ మోత భరించలేక, ఆరాధన మధ్యలోనే లేచి వానలోకి వెళ్లిపోయేది.

ఏం చేయాలో ఆమెకు మేకలే చూపించాయి. ఇంటి పక్క ఎరువు కుప్ప మీద ఒక వానాకాలం చిల్లమొలకలు గుంపులుగా లేచాయి. మేక తిన్న కాయలోని గింజ అరగకుండా పెంటికతో బయటపడి, దొరికిన చోటల్లా మొలిచింది. కొండమ్మ ఆ మొలకల్ని పీకెయ్యకుండా చాలాసేపు చూస్తూ నిలబడింది.

ఆ తర్వాతి వేసవిలో పేరయ్య కబురు పెట్టాడు. మళ్లీ మిరప నాటేలోగా చేలో మేకల్ని మంద పెట్టమన్నాడు. రాత్రిళ్లు మేకలు చేలో పడుకుంటే భూమికి బలమొస్తుంది. దానికి అందరూ గింజలో డబ్బులో తీసుకుంటారు. కొండమ్మ ఏమీ వద్దంది.

"మంచి మనసే నీది" అన్నాడు పేరయ్య. భార్య సుబ్బరావమ్మ పాతచీర ఒకటి ఇప్పించాడు.

పగలంతా వాగు ఒడ్డున చెట్లు దులిపి కడుపు పగిలేలా కాయలు మేపేది. చీకటి పడ్డాక తెచ్చి చేలో పడుకోబెట్టేది. ఏటా అదే పని. వానలకు మొలకలు లేస్తే పేరయ్య కలుపుకి మనుషుల్ని పెట్టేవాడు. వాళ్లలో అందరికంటే ముందు కొండమ్మ వచ్చేది. మిగతావాళ్లు వేరుతో పీకితే ఆమె తల తుంచి వేరు వదిలేసేది. తుంచిన చోట రెండు కొమ్మలు లేచేవి. కొన్నేళ్లకు బోరు ఎండింది. పేరయ్య సాగు ఆపాడు. ఇక చిల్లకు అడ్డు లేకపోయింది. బొగ్గు బట్టీల వాళ్లు వచ్చి నరుక్కుపోతే మొద్దులు మళ్లీ లేచాయి. మందు కొట్టిస్తే ఆకు మాడి, తొలివానకు తిరిగి వచ్చింది. ముళ్లకు జడిసి కూలివాళ్లు రావడం మానేశారు. చివరికి డెబ్బై దాటిన పేరయ్య తనే గొడ్డలి పట్టాడు. ఊళ్లో నవ్వుతున్నారని తెలిసీ మానలేదు. సుబ్బరావమ్మ కాళ్లావేళ్లా పడినా మానలేదు.

కంప కిందున్న పిల్ల దగ్గరికి కొండమ్మ కూడా పోలేదు. అందుకు ఆమెకు బాధ లేదు. తను పోలేని చోటికి నాగలీ పోలేదు.

గొడ్డలి చప్పుడు ఆగింది. పేరయ్య వంగి వంగి బయటికొచ్చాడు. బనీను చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. ముంజేతుల నిండా ఎండిన నెత్తుటి గీతలు. చేతిలోని నీళ్లసీసాను నోట్లో వంచుకున్నాడు. రెండు చుక్కలు పడ్డాయి. సీసాను గట్టు మీదికి విసిరేశాడు.

"ఇంక ఈ తిప్పలు ఈ ఒక్కరోజేనే" అన్నాడు, ఆయాసంలోనూ నవ్వుతూ. "పొక్లెయిన్ మాట్లాడాను. రేపు పొద్దున్నే వచ్చిద్ది. అది దిగటానికే దారి కొడతన్నా. నిలువెత్తు లోతున మట్టి ఎత్తించి, లారీల్తో రోడ్డు పనికి తోలిస్తా. వేరనేది మిగలగూడదు. ఇంకెట్టా మొలిచిద్దో నేనూ చూస్తా."

కొండమ్మ వేపచెట్టు మొదలు పట్టుకుని లేచింది. నిలువెత్తు లోతు. పిల్లను పెట్టిన రోజు జక్రయ్య నడుం లోతుకు తవ్వి పార కింద పెట్టేశాడు. "పిల్ల భయపడిద్ది, ఇంక లోతు వద్దు" అన్నాడు.

"అయ్యా, వాగు మూల మాత్రం వద్దు."

"ఏం?"

"అక్కడ నా పిల్లుంది."

"ఏ పిల్ల?"

కొండమ్మ అతని మొహంలోకి చూసింది. అబద్ధమాడుతున్న మొహం కాదు అది. నిజంగానే గుర్తు లేదు. ఇన్నేళ్లూ ఈ మనిషి కూడా ఎప్పుడో ఒకప్పుడు ఉలిక్కిపడి లేస్తుంటాడనీ, చిల్లమొక్క కనబడ్డప్పుడల్లా ఆ సిలువల కుప్ప గుర్తొస్తుంటుందనీ ఆమె అనుకుంటూ వచ్చింది.

"జాస్మిన్. మీరు దున్నించారే, ఆ దొడ్డిలో."

"ఓహో, ఆ గొడవా? అది ఎప్పుడో అయిపోయింది గదే. చర్చికి రేకులేయించాను గదా. అయినా ఇంకా ఏముంటయ్యే అక్కడ? మట్టిలో మట్టయిపోయుంటది."

అప్పుడు చెప్పింది. గొంతు పెంచలేదు.

"ఈ చిల్ల నేను పెట్టిందేనయ్యా."

"ఏందీ?"

"కాయలు మేపి మంద పెట్టాను. కలుపుకొచ్చి వేర్లు వదిలాను. మీరు చీరిచ్చారు. ఆ చీర కట్టుకునే చేశాను."

పేరయ్య నవ్వబోయాడు. ఇంతలో అతని చూపు మేకల మీద పడింది. ఒక మేకపోతు మూతి పక్కన చిల్లకాయ వేలాడుతోంది. దాన్ని చూస్తూ ఉండిపోయాడు. గొడ్డలి భుజం దాకా లేచింది. కొండమ్మ కదల్లేదు, చేయి కూడా అడ్డం పెట్టుకోలేదు. చివరికి అతనే గొడ్డలి కిందికి దించేశాడు.

"రేపు పొక్లెయిన్ బొచ్చె మొదట ఆ మూలే దించుతా" అన్నాడు. "నీ పిల్లని రోడ్డు కింద పోయించి పైన రోలరు తోలిస్తా. నిలబడి చూద్దువుగాని." వెనక్కి తిరిగి కంపలోకి వెళ్లిపోయాడు.

ఈసారి గొడ్డలి చప్పుడు ఆగి ఆగి రాలేదు. దెబ్బ మీద దెబ్బ పడింది. చప్పుడు వాగు మూలవైపే పోతోంది. నడినెత్తిన ఎండ మండుతోంది. కాకులు కూడా వేపచెట్లో ముక్కులు తెరుచుకుని కూర్చున్నాయి. కొండమ్మ చెట్టు కింద కూర్చుంది. తడిగుడ్డ చుట్టిన నీళ్లసీసా మూత తిప్పి తాగింది. అతని సీసాలో నీళ్లు లేవని ఆమెకు తెలుసు. ఈ ఎండలో డెబ్బై దాటిన మనిషి ఇంకెంతసేపు కొడతాడో కూడా తెలుసు. పిలిచి ఇంటికి పొమ్మనొచ్చు. రోడ్డు దాకా పోయి ఎవరినైనా కేకెయ్యొచ్చు. ఆమె సీసా మూత బిగించి ఒళ్లో పెట్టుకుంది.

దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరిగింది. తర్వాత దెబ్బలు ఆగిపోయాయి.

"కొండమ్మా..." అని వినిపించింది. "నీళ్లు..."

కూర్చునే ఉంది. ఒక మేక వచ్చి ఆమె మోకాలికి ఆనుకుని పడుకుని నెమరు వేసుకోసాగింది. ఆమె దాని వీపు నిమురుతూ వింటోంది. మళ్లీ పిలిచాడు. ఈసారి పేరు లేదు. నీళ్లన్న మాట ఒక్కటే వచ్చింది, అదీ సగమే. ఆ సగం మాటలో పేరయ్య గొంతు లేదు. పిల్లల గొంతులా ఉంది. జాస్మిన్ కూడా చివరికి అలాగే సగమే అనగలిగింది.

కొండమ్మ లేచింది. మేకను తోసేసి, అతను కొట్టిన దారిలోకి వంగి దూరింది. ముళ్లు చొక్కా పట్టుకుంటే చింపుకుంటూ పోయింది. పేరయ్య వాగు మూలకు కొంచెం ఇవతల వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఒళ్లు పొయ్యిరాయిలా కాలుతోంది కానీ చెమట లేదు. తల ఒళ్లోకి తీసుకుని నీళ్లు పోసింది. నీళ్లు పెదవి చివర నుంచి జారి, చెంప మీదుగా నేలలోకి ఇంకాయి. ఇంకొంచెం పోసింది. అవీ నేలలోకే పోయాయి.

ఆమె బయటికొచ్చి రోడ్డు వైపు తిరిగి అరిచింది. ఆ అరుపుకి మేకలు చెదిరి పారిపోయాయి. బండి మీద పోతున్న బాజీ ఆగి, పరుగెత్తుకొచ్చాడు. ఊళ్లోంచి మనుషులొచ్చారు. మంచం మీద పేరయ్యను మోసుకెళ్తుంటే బాజీ వెనకబడి ఆమె దగ్గర నిలబడ్డాడు. ట్రాక్టరు దిగి వెళ్లిపోయిన రోజు తర్వాత అతను ఆమెతో మాట్లాడటం అదే మొదలు.

"పిలిచాడా పెద్దమ్మా?"

"పిలిచాడు."

"నువ్వు పోయేసరికి?"

"అయిపోయింది."

బాజీ ఆమె కళ్లలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. అతను మంచం వెనక వెళ్లిపోయాడు.

తెల్లవారి పొక్లెయిన్ రోడ్డు దాకా వచ్చి ఆగింది. సుబ్బరావమ్మ మనిషిని పంపింది. ఆయన్ని మింగిన నేల, దాని జోలికి ఎవరూ పోవద్దందట. బండి అక్కడే తిరిగి, పొగ వదులుకుంటూ దర్శి వైపు పోయింది.

కొండమ్మ గట్టు మీద నిలబడి అది కనుమరుగయ్యేదాకా చూసింది. ఆ రోజు ఆమె కాయలు దులపలేదు. మేకలు మోరలెత్తి ఆమె వైపు చూసి, విసిగి, వాటంతటవే చెరువు దారి పట్టాయి. తీరిపోయిందని మనసుకు చెప్పుకుంది. సంతోషం కోసం కాసేపు ఎదురు చూసింది. అది రాలేదు. చేసిన దానికి ఏడుపూ రాలేదు. చెవులు మాత్రం ఊరుకోవడం లేదు. కంప వైపు తిరిగి దేనికోసమో వింటున్నాయి. లోపల ఎక్కడో గువ్వలు కూస్తున్నాయి.

పేరయ్య కొట్టిన దారి తెరిచే ఉంది. ఆమె అందులోంచి వాగు మూల దాకా నడిచింది. ఎన్నేళ్ల తర్వాతో ఆ మట్టి మీద కూర్చుంది. ఇక్కడా, అక్కడా అని తడిమింది. ఎక్కడని తెలియక, రెండు అరచేతులూ నేలకు ఆనించి ఉంచింది.

"నీ జోలికి ఎవరూ రారులేవే" అంది. కాసేపటికి లేచింది.

తిరిగి వస్తుంటే దారి పక్క కొమ్మకు గుడ్డసంచి ఒకటి వేలాడుతూ కనిపించింది. అందులో పేరయ్య మధ్యాహ్నానికి తెచ్చుకున్న స్టీలు క్యారేజీ ఉంది, మూత కూడా తీయలేదు. మోసుకెళ్లినవాళ్లు ఎవరూ చూసుకోలేదు. కొండమ్మ చేయి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది. పెరుగన్నం పులిసిన వాసన వస్తోంది. చిల్లకొమ్మ ముళ్ల మధ్య నుంచి చీమల బారు ఒకటి సంచి మీదికి పాకి, క్యారేజీ మూత చుట్టూ తిరుగుతోంది.