పాత పేజీ

ఏ సైటు మొరాయించినా అల్లుడి దగ్గర ఒకటే మందు: బ్రౌజర్ దాచుకున్న పాత పేజీలన్నీ, అదే కాష్, తుడిచిపారెయ్యడం. ఆ పూట అత్తగారి కంప్యూటర్లో నీళ్ల ఆఫీసు సైటు తెరుచుకోలేదు.

"పాత చెత్త పేరుకుపోయింది అత్తయ్యా. ఊడ్చేస్తే దారికొస్తుంది."

"పాతవి ఉండనియ్యి బాబూ. కుళాయి సంగతి ఫోన్లో చెప్పుకుంటాలే."

వింటేగా! పెద్దావిడ చాదస్తం అనుకుని మొత్తం తుడిచేశాడు. సైటు చటుక్కున తెరుచుకుంది. ఫిర్యాదు పంపి, చేతులు దులుపుకుని లేచాడు.

అత్తగారు ఆ కుర్చీలో కూర్చుని, రోజూలాగే మామగారు పాఠాలు చెప్పిన బడి పేజీ తెరిచింది. ఫోటో అంటే ఆమడ దూరం పారిపోయే మనిషి ఆయన. నవ్వుతూ దిగింది బడివాళ్లు ఆ పేజీలో పెట్టిన ఒక్కటే. ఆయన పోయాక వాళ్లు దాన్ని తీసేసినా, ఈ కంప్యూటర్లో మాత్రం ఇన్నాళ్లూ కనిపిస్తూనే ఉంది. ఎందుకో ఆవిడకీ తెలియదు. అడిగితే పోతుందేమోనని ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు ఆ చోట ఎవరో కుర్రమాస్టారు నవ్వుతున్నాడు.

"మీ మామయ్యని మళ్లీ తెప్పించు బాబూ," అంది ఆవిడ, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

అల్లుడు బడికి ఫోన్ చేస్తే పాత ఫోటోలేవీ ఉంచలేదన్నారు. ఏం చెయ్యాలో తోచక ఆ పేజీనే మూసి మళ్లీ తెరిచాడు.

కంప్యూటర్ అప్పుడే దాచేసుకుంది కాబోలు, ఈసారి కుర్రమాస్టారు ఇంకా తొందరగా వచ్చి నవ్వాడు.